నా పక్కన జానెడు జాగా

పొద్దున్నే లేచి ఫోను పట్టుకోవడం మంచి అలవాటు కాదని మా మనవరాలికి రోజూ చెబుతాను. నేనూ రోజూ అదే పని చేస్తాను. మా పాత బడి పిల్లల గ్రూపు ఒకటుంది. పిల్లలన్నది మాటవరసకే, అందరం అరవై దగ్గర పడ్డవాళ్ళమే. ఆళ్ళగడ్డలోనే ఉండిపోయినవాళ్ళు కొందరు, నాలాగా నంద్యాలలో స్థిరపడ్డవాళ్ళు కొందరు. గ్రూపులో మామూలుగా పొద్దుటి పువ్వులు, బైబిలు వాక్యాలు, మోకాళ్ళ నొప్పులకు మెంతుల వైద్యం వస్తుంటాయి. ఆ రోజు మాత్రం మా ఏడో తరగతి ఫోటో వచ్చింది.

పెట్టినవాడు మా తరగతివాడే. నంద్యాలలో ఫోటో స్టూడియో నడుపుతాడు. దసరా దాటాక అందరం ఒకచోట కలుద్దామని, ఆ రోజు పెద్ద బ్యానరు వేద్దామని వాడి ఉత్సాహం. చనిపోయిన మా హెడ్మాస్టరు గారి ఇంటి అటక మీద ఈ ఫోటో దొరికిందట. చెదలు కొట్టిన చోటల్లా కంప్యూటరులో బాగుచేసి, మరకలు తుడిచి పెట్టాడు. అందరూ చేతులు జోడించే బొమ్మలు పెట్టి మెచ్చుకుంటున్నారు. నేను కళ్ళజోడు తెచ్చుకుని నన్ను వెతుక్కున్నాను. రెండో వరుసలో ఉన్నాను. రెండు జడలు, నూనె కారే మొహం. నా భుజానికి భుజం ఆనించి కిరాణా కొట్టు శెట్టి గారి అమ్మాయి నిలబడి ఉంది.

ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. కానీ ఆమె నన్ను ఆనుకుని నిలబడలేదు. మా ఇద్దరి మధ్య జానెడు జాగా ఉండాలి. ఆ జాగా లేదు. ఫోటో కింద వాడే రాశాడు: "ఆడ మద్దెలో సందు బాగలేకుంటే దగ్గరికి జరిపి కలిపేసినా. ఎట్లుండాది?"

బాగుందని అందరూ అన్నారు. నేను ఫోను బోర్లా పెట్టి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా కూర్చున్నాను.

మా బడి ఆళ్ళగడ్డలో చర్చి వెనకాల ఉండేది. మిషను వాళ్ళు కట్టిన పాత రాతి కట్టడం. గంట బదులు వేపచెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. మా అమ్మ అందులో టీచరు. నాయన ఉద్యోగం నంద్యాలలో, వారానికోసారి వచ్చి పోయేవాడు. టీచరు కూతురంటే బడిలో దెబ్బలు తక్కువనుకుంటారు. అంతా వట్టిమాట. వేరేవాళ్ళకు ఒకటి పడితే నాకు రెండు పడేవి, అమ్మకు పక్షపాతం లేదని ఊరికి తెలియాలి కదా.

నా పక్కన కూర్చునే పిల్ల చర్చి వీధిలో ఉండేది. పేరు రాయను. ఆ పేరు పెట్టి పిలిచి ఎన్నో ఏళ్ళయింది, ఇప్పుడు రాయబోతే చెయ్యి ఆడదు. వాళ్ళ నాయన ఆమె పసితనంలోనే పోయాడు. అమ్మ కూలికి పోయేది. పిల్ల నల్లగా, పుల్లలా ఉండేది కానీ గొంతు మాత్రం కంచు. అందుకే పొద్దున ప్రార్థన అయ్యాక వార్తలు చదివే పని హెడ్మాస్టరు ఆమెకు అప్పగించాడు. ఇంట్లో రేడియో లేదు. బస్టాండు దగ్గర దర్జీ అంగట్లో రేడియో మోగుతుంటే బయట నిలబడి విని, గుర్తుపెట్టుకుని, బడికి పరిగెత్తుకొచ్చి అచ్చం రేడియో ఆవిడలా గొంతు సవరించుకుని చెప్పేది.

దేశం వార్తలు అయ్యాక తన సొంతంగా "మన బడి వార్తలు" అని మొదలుపెట్టేది. ఇది ఎవరూ చెప్పమన్నది కాదు. డ్రిల్లు సారు విజిలు నిన్నటి నుంచి కనపడటం లేదని, దొరికినవారు దయచేసి తిరిగి ఇవ్వవద్దని ఒకరోజు చదివింది. డ్రిల్లు సారు ఉరిమి చూశాడు. హెడ్మాస్టరు నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన నవ్వాడు గనుక అది బడి ఆచారమైపోయింది.

వానాకాలం సగం గడిచేసరికి ఆ పిల్ల కుడిచేతి బొటనవేలి గోరు పెంచడం మొదలుపెట్టేది. సోమవారం గోళ్ళు చూసే డ్రిల్లు సారుకు దొరక్కుండా ఆ వేలు పిడికిట్లో దాచి, చెయ్యి చూపమంటే తక్కిన నాలుగు వేళ్ళే చూపేది. గోరు పెరిగిందంటే క్రాసింగుకు పోతుందన్నమాట.

మా ప్రాంతం వాళ్ళకు క్రాసింగంటే చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళకు చెబుతాను. అది విత్తనాల పత్తి చేలలో పని. మధ్యాహ్నం దాటాక, రేపు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోరుతో దాని రేకులూ పుప్పొడీ ఒలిచెయ్యాలి. నడిమి కాడ మాత్రం నలగకూడదు. గుర్తుకు దానికి ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగచెట్ల పువ్వులు కోసుకొచ్చి, ఆ పుప్పొడి ఈ కాడకు రుద్దాలి. అప్పుడే కాయ పడుతుంది. రుద్దకపోతే నిన్న ఒలిచినవన్నీ రాలిపోతాయి. పెద్దవాళ్ళలో వాళ్ళమ్మలాంటి ఒకరిద్దరికి తప్ప, మోటు వేళ్ళకు ఈ పని చేతకాదని ఆడపిల్లలను పెట్టేవారు. వినాయక చవితి దాటిన దగ్గర్నుంచి క్రిస్మస్ ముందు వరకు ఒక్క రోజు మానడానికి లేదు. ఆదివారం కూడా చర్చికి రావడం లేదేమని పాస్టరు గారు అడిగితే వాళ్ళమ్మ, "పువ్వుకు ఆదివారం తెలుసునా అయ్యా?" అని అడిగి ఆయన నోరు మూయించింది.

అలా ఏటా ఆ నాలుగు నెలలు మా తరగతిలో బెంచీలు సగం ఖాళీ అయ్యేవి. వార్తలు చదివే పని నా మీద పడేది. నేను చదివితే ఎవరికీ వినపడేది కాదు, వినపడినవాళ్ళు ఆవలించేవాళ్ళు.

అయితే ఆదివారాలు మాత్రం నావి. చర్చి అయ్యాక అన్నం తిని, కేసీ కాలువ గట్టు వెంట నడిచి ఆ చేనికి పోయేదాన్ని. ఆ వారం బడిలో జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పడం నా పని. ఆమె సాలులో నడుస్తూ మొగ్గలు ఒలుస్తూనే వినేది. నేను పక్క సాలులో నడుస్తూ చెప్పేదాన్ని. అటూ ఇటూ సాళ్ళలోని పిల్లలు కూడా చెవులు ఇటు పెట్టేవాళ్ళు, అందరూ మా బడి పిల్లలే కదా. ఆఫీసు గదిలోకి మేక దూరి క్వార్టర్లీ పరీక్ష పేపర్లు నమిలేసిందని చెప్పినప్పుడు చేనంతా గొల్లుమంది. ఏ తరగతివి నమిలిందని ఆమె అడిగింది. ఆరో తరగతివన్నాను. ఈ మేకకు మన తరగతి మీద దయ లేదని నిట్టూర్చింది.

ఆ చేని వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పచ్చి పత్తాకు వాసన, దాని మీద కొట్టిన మందు ఘాటు, తడి నల్లరేగడి. పొద్దు వాలబోయే ముందు వాళ్ళమ్మ అందర్నీ పిలిచి గట్టు మీద మూట విప్పేది. జొన్నరొట్టె, చెనిగిత్తనాల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. చేతులు కాలువలో ఎంత కడిగినా మందు వాసన పోదని ఆ పిల్ల రొట్టెను ఆకుతో పట్టుకుని తినేది. ఇంటికి వచ్చాక మా అమ్మ వేడివేడిగా అన్నం పెట్టినా నాకు సగమే దిగేది. అంత రొట్టె తిన్నానని అమ్మకు తెలుసు.

మొదటి ఆదివారమే నన్ను అడిగింది.

"నా పేరు కొట్టేసినారా మే?"

"లేదు. అమ్మ కొట్టనీల్యా."

"నా జాగాలో ఎవురు కూచుంటాండారు?"

"ఎవురూ లేరు. నా సంచి పెడతాండా."

ఆమె మొహం విప్పారింది. దానికోసమే అంత దూరం నడిచి వచ్చినట్టు నాకూ తృప్తి కలిగింది.

ఏడో తరగతి మా బడిలో ఆఖరు తరగతి. ఏటా దసరా సెలవులు అయ్యాక, వానలు తెరిపిచ్చే వేళ, ఆ తరగతికి ఫోటో తీయించడం హెడ్మాస్టరు పెట్టిన ఆచారం. దసరాకు ముందే బడి ముందరి గోడకు సున్నం కొట్టించేవాడు. నంద్యాల నుంచి మనిషి మూడుకాళ్ళ కెమెరాతో బస్సులో వచ్చి తీసి, మళ్ళీ బస్సెక్కి పోయేవాడు. ఆ కాలమంతా క్రాసింగు కాలమేనని, ఏ ఏటి ఫోటోలోనూ ఆ పిల్లలు ఉండరని ఎవరికీ తట్టలేదు. మంచివాళ్ళే అందరూ. తట్టలేదంతే.

ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఫోటో దిగలేదు. ఈ ఫోటోలో ఎలాగైనా పడాలని పట్టుబట్టింది. ఫోటో ఏమన్నా కూడు పెడుతుందా అని వాళ్ళమ్మ మొదట కసిరింది. మళ్ళీ తనే దారి చెప్పింది. పొద్దున రుద్దడం మిట్టమధ్యాహ్నానికి ముందే అయిపోతుంది, మొగ్గలు ఒలవడం పొద్దు కాస్త వాలాక మొదలవుతుంది, ఈ రెంటి నడుమ పోయి దిగి రమ్మంది. నేను అమ్మ చెవిలో వేశాను. అమ్మ హెడ్మాస్టరుతో మాట్లాడి, పొద్దున పదింటికి తీయాల్సిన ఫోటోను మధ్యాహ్నం పన్నెండుకు మార్పించింది. బస్సుకు ముందు తీస్తే చాలని ఫోటో ఆయనా ఒప్పుకున్నాడు.

ఆమె నీలం పావడా, తెల్ల జాకెట్టు మా ఇంటికి వచ్చాయి. అమ్మ వాటిని ఉతికి, గంజి పెట్టి, చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేసింది. చేని నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, మొహం కడుక్కుని, తొడుక్కుని, పక్కనే ఉన్న బడికి పరిగెత్తాలని ఏర్పాటు. గోడకు మేకు కొట్టి ఆ జతను తగిలించాం. ఆ ఇస్త్రీ మడత చూసుకుంటూ నేను రాత్రి నిద్రపోయాను.

తెల్లారేసరికి ఆకాశం నిండా మబ్బు.

వాన లేదు, గాలి లేదు, సూర్యుడూ లేడు. ఫోటో ఆయన వచ్చి గోడ ముందు బెంచీలు వేయించి, కెమెరా నిలబెట్టి, ఆకాశం వైపు చూసి పెదవి విరిచాడు. ఎండ లేకపోతే మొహాలు పడవన్నాడు. పన్నెండు అయింది. మమ్మల్ని వరుసలలో నిలబెట్టారు. రెండో వరుసలో నా కుడిపక్కన జానెడు జాగా ఉంచాను. దగ్గరికి జరగమని ఫోటో ఆయన చెబితే జరిగాను. ఆయన నల్లగుడ్డ కిందికి దూరగానే మళ్ళీ నా చోటికి వచ్చాను. శెట్టి గారి అమ్మాయి నావైపు జరగబోతే మోచేత్తో పొడిచాను.

ఆయన బస్సు వేళ దగ్గర పడుతోంది. హెడ్మాస్టరు గోడ గడియారం చూసి రావడం, గేటు దాకా పోవడం. ఎండ రాకపోతే ఫోటో లేనట్టేనని డ్రిల్లు సారు అనేసరికి అందరికీ ఏడుపు మొహాలు వచ్చాయి. ఎవరో ప్రార్థన చేద్దామన్నారు. మిషను బడి పిల్లలం కదా, నిలబడ్డవాళ్ళం నిలబడ్డట్టే కళ్ళు మూసుకున్నాం. దేవా, ఎండ ఇవ్వు అని అడిగాం. అందరికంటే గట్టిగా అడిగింది నేనే. ఎండ వస్తే ఫోటో ఉంటుంది, ఫోటో ఉంటే ఆమె వస్తుంది. నాకు తెలిసింది అంతే.

ఎండ వచ్చింది. మబ్బు చీలి, సున్నం గోడ మీద ఒక్కసారిగా పడి కళ్ళు జిగేల్మన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను గేటు వైపు చూస్తున్నాను. ఇటు చూడమని ఎవరో అరిచారు. చూశాను. అయిపోయింది. ఫోటో ఆయన కెమెరా మడిచి చంకన పెట్టుకుని బస్టాండుకు పరిగెత్తాడు.

ఆమె వచ్చేసరికి బెంచీలు కూడా లోపలికి చేర్చేశారు. నేను వేపచెట్టు కింద ఒక్కదాన్నే కూర్చున్నాను. కాలువ గట్టు పొడుగునా పరిగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. వేళ్ళకు పచ్చగా పుప్పొడి అంటుకుని ఉంది.

"అయిపాయనా?"

"అయిపాయ."

చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుంది.

"మబ్బుండె గదా మే. పువ్వు విచ్చుకోల్యా. ఎండ వచ్చినాంకనే విచ్చుకున్యాది. రుద్దకుండా వస్తే నిన్నటివన్నీ రాలిపోవా?"

అప్పుడు నాకు అర్థమైంది. మేము ఇక్కడ ఏ ఎండ కోసం కళ్ళు మూసుకుని అడిగామో, ఆమె అక్కడ మగపువ్వు చేతిలో పట్టుకుని అదే ఎండ కోసం చూస్తూ ఉంది. అది ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. దేవుడు మా మొర విన్నాడని ఎవరైనా అంటే ఈనాటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

"నేను యాడ నిలబడిందును?" అని అడిగింది.

"నా పక్కన. జాగా పెట్టినా."

"నిజంగా పెట్టినావా?"

"ఆయప్ప జరగమన్యా జరగల్యా."

ఆమె నవ్వింది. "అట్లయితే నేనుండా పో," అంది.

ఇంటికి తీసుకుపోతే గోడకున్న బట్టలు చూసింది, ముట్టుకోలేదు. చేతులకు మందు ఉందని, క్రిస్మస్‌కు బడికి వచ్చినప్పుడు వేసుకుంటానని చెప్పింది. అమ్మ పెట్టిన అన్నం గబగబా తిని, మొగ్గల వేళైందని వచ్చిన దారినే పోయింది.

క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్ ఆదివారాలు మొదలయ్యాయి. బడిలో క్రిస్మస్ నాటకం నేర్పిస్తున్నారు. దేవదూత వేషం ఆమెకని హెడ్మాస్టరు అట్టే పెట్టాడు, వార్త చెప్పే వేషం కదా, ఆ గొంతే కావాలన్నాడు. క్రాసింగు కూడా ఆఖరుకు వచ్చింది. ఆ ఆదివారం నేను చేనికి పోతే ఆమె గట్టు మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. జ్వరమట. నా వార్తలు కళ్ళు మూసుకునే విన్నది. దూత వేషం సంగతి చెబితే నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

జ్వరం దిగకపోయేసరికి వాళ్ళమ్మ ఆమెను బస్సులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడే పోయింది. మలేరియా అన్నారు కొందరు. పత్తి మందు ఒంట్లోకి దిగిందన్నారు కొందరు. చర్చి వీధి ముసలమ్మలు ఆయుష్షు అంతేనన్నారు. పెద్దవాళ్ళకు ఏదో ఒకటి అనుకుంటే మనసు కుదుటపడుతుంది. నాకు పడలేదు.

మర్నాడు ప్రార్థన అయ్యాక వార్తల వేళకు నేను ముందుకు పోయి నిలబడ్డాను. హెడ్మాస్టరు నన్ను పక్కకు తప్పించి, "మన బడి వార్తలు" అని తనే మొదలుపెట్టి, ఆ ఒక్క వార్త చెప్పి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బడికి సెలవన్నారు. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు హోయ్ అని అరుస్తూ గేటు వైపు పరిగెత్తారు. వాళ్ళకేం తెలుసు.

వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి ఆ నీలం పావడా, తెల్ల జాకెట్టు అడిగి తీసుకుపోయింది. ఇస్త్రీ మడత చెదరకుండా అలాగే ఉన్న ఆ బట్టల్లోనే ఆ పిల్లను పెట్టెలో పెట్టారు.

కొత్త సంవత్సరం వచ్చాక ఫోటోలు వచ్చాయి. మా ఇంటికి ఒకటి ఇచ్చారు. అది వచ్చిన మాట ఎవరు చెప్పారో, ఒక సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి గడప అవతలే నిలబడింది. అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు.

"టీచరమ్మా, ఫోటోలు వచ్చినాయంట గదా. నా బిడ్డను ఒగసారి సూపిస్తావా?"

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఆ పిల్ల ఫోటో రోజున చేనికి తిరిగి పోయి ఏం చెప్పిందో మాకు అప్పటిదాకా తెలియదు.

"ఆలిస్యమైతే వాళ్ళంతా ఆగినారంటమ్మా నా బిడ్డ కోసరం," అంది వాళ్ళమ్మ. "ఎండ వచ్చేదాకా నేనే ఇడవకపోతి. కోపం చేసుకునిందేమో అనుకుంటి. లేదుమా, ఆగినారు, నేనుండా ఫోటోలో అని నవ్వుకుంటా వచ్చె."

అమ్మ ఫోటో తెచ్చి ఇచ్చింది. ఆమె దాన్ని దీపం దగ్గరగా పట్టుకుని మొదటి వరుస చూసింది, రెండోది చూసింది, మూడోది చూసింది. మళ్ళీ మొదటి నుంచీ చూసింది. చదువు రాని మనిషే కానీ కన్నబిడ్డను గుర్తుపట్టలేనిది కాదు.

"యాడుంది పాపా?" అని నన్ను అడిగింది.

నేను పోయి ఆ జాగా మీద వేలు పెట్టాను.

"ఆగినాం అమ్మా," అన్నాను. "ఈడ చూడు."

ఆమె చాలాసేపు చూసింది. నా వేలు పక్కకు జరిపి తన బొటనవేలు అక్కడ పెట్టింది. ఆ వేలికి గోరు ఇంకా పొడుగ్గానే ఉంది. తర్వాత ఫోటోను కొంగులో చుట్టుకుని, ఇది నేను తీసుకుపోనా అని అమ్మను అడిగింది. అమ్మ తల ఊపింది. అలా మా ఫోటో వాళ్ళింటికి పోయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ అది దేవుడి వాక్యాల పటం పక్కనే ఉండేది. వచ్చినవాళ్ళకు, మా పాప ఈడ, టీచరమ్మ కూతురు పక్కన, అని చూపించేదని విన్నాను. చూడటానికి పోయే ధైర్యం నాకు ఎప్పుడూ కలగలేదు.

ఇన్నేళ్ళకు మళ్ళీ ఆ ఫోటో నా చేతికి వచ్చింది, అదీ ఆ జాగా లేకుండా.

స్టూడియో వాడికి ఫోను చేశాను. సందు కలపడం బాగలేదప్పా, ముందు ఎట్లుందో అట్లే పెట్టు అన్నాను. వాడు నవ్వాడు. అప్పుడు శెట్టి గారి అమ్మాయితో కొట్లాడినావా అని ఎగతాళి చేశాడు. నేను నవ్వకపోయేసరికి వాడి గొంతు మారింది.

"ఆడ ఎవురన్నా ఉన్యారామ్మా?"

"వార్తలు చదివే పాప," అన్నాను.

వెనక స్టూడియోలో ఎవరో పాస్‌పోర్టు ఫోటోలు అడుగుతున్న మాటలు వినిపిస్తున్నాయి.

"పెడతామ్మా," అన్నాడు చివరికి.

సాయంత్రానికి ఫోటో మళ్ళీ వచ్చింది. చెదల మచ్చలు బాగుచేసి ఉన్నాయి, జాగా మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంది. గ్రూపులో ఎవరో, ముందు పెట్టిందే బాగుంది కదా అని రాశారు. మా మనవరాలు నేర్పినట్టు రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేశాను. నా మొహం ఒక పక్కకు జరిగిపోయింది, శెట్టి గారి అమ్మాయి ఇంకో పక్కకు జరిగిపోయింది. ఫోను నిండా మా నడుమ జాగా ఒక్కటే మిగిలింది. అందులో సున్నం గోడ, ఆ గోడ మీద అప్పుడే వచ్చిన ఎండ.